పొయ్యి లెక్క

మొన్న మా పక్కింటావిడ ఫోను చేసింది. నేనిప్పుడు కడపలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను గనుక ఏ ఇంటికి పక్కిల్లో ముందుగా చెప్పవలసి ఉంది. ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలో నాకొక మట్టిమిద్దె ఉంది. ఆ మిద్దెకు పక్కిల్లు. "అయివారూ, ఇండ్ల లెక్కకు వస్తారంట. మీ ఇంటికి బీగం ఏసి ఉండాది గదా, అడిగితే ఏం జెప్పాల?" అన్నది ఆవిడ.

రేపు చెబుతానమ్మా అని ఫోను పెట్టేశాను. సమాధానం తెలియక కాదు. ఆ ప్రశ్నకు ఏం వ్రాయాలో పదిమందికి శిక్షణ తరగతిలో చెప్పినవాణ్ణి నేను. 1991, 2001, 2011 జనాభా లెక్కలు మూడింటిలోనూ పనిచేశాను. మొదటి రెండుమార్లు గణకుడిగా, మూడోమారు పర్యవేక్షకుడిగా. అంతటివాడికి తన సొంత ఇంటి గురించి అడిగేసరికి నోట మాట రాలేదు.

కలమళ్ళ పేరు తెలుగు చదువుకున్న వారికి పరిచయమే. చెన్నకేశవస్వామి ఆలయ ప్రాంగణంలో దొరికిన శాసనం వల్ల ఆ ఊరికి ఆ కీర్తి. రేనాటి చోళ వంశీయుడు, ఎరికల్ ముతురాజు అనే బిరుదు కలిగిన ధనంజయుని కాలం నాటిది. క్రీ.శ. 575 ప్రాంతపుదని పండితుల నిర్ణయం. ఇంతవరకు దొరికిన వాటిలో పూర్తిగా తెలుగులో వ్రాసిన మొట్టమొదటి శాసనంగా దానిని చెప్పుకుంటాము. 2008 అక్టోబరులో తెలుగుకు ప్రాచీన భాషా ప్రతిపత్తి ప్రకటించినప్పుడు మా ఊరి పేరు పత్రికలలో మారుమ్రోగింది. నేను భాషాప్రవీణ చదివే రోజుల్లో ఈ శాసనపాఠాన్ని కంఠస్థం చేసి పరీక్ష వ్రాసినవాణ్ణి. 1987లో ఆ ప్రాంతపు బడికి తెలుగు పండితుడిగా ఉద్యోగం వచ్చినప్పుడు, దగ్గరలో ఎర్రగుంట్ల వంటి రైలుస్టేషను ఊరు ఉండగా, బస్సు సౌకర్యం అంతంతమాత్రంగా ఉన్న ఈ పల్లెలో కాపురం పెట్టడానికి కారణం ఆ శాసనమే. నా శ్రీమతి ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వేది. "అందరూ నీళ్ళు చూసుకొని ఇల్లు చూసుకుంటారు, మా ఆయన రాయిని చూసుకొని ఇల్లు చూసుకున్నాడు" అని.

ఆ శాసనం పూర్తిగా దక్కలేదు. మధ్యమధ్య అక్షరాలు పోయినాయి. దక్కినంతలో రాజు పేరున్నది, రేనాడు అనే సీమ పేరున్నది, చిరుంబూరు, చెనూరు అని ఊళ్ళ పేర్లున్నాయి, చివర పంచమహాపాతకాల ప్రస్తావన ఉన్నది. ఆనాడు ఆ ఊళ్ళలో ఎన్ని ఇళ్ళుండేవో, ఎందరుండేవారో లేదు. ఉండదు కూడా. శాసనం వేయించినవాడికి కావలసింది దానం నిలవడం. దానిని చెరిపినవాడికి పాపం చుట్టుకోవడం. అంతే.

ఆ తరువాత పన్నెండు వందల ఏళ్ళకు పైగా గడిచాక కల్నల్ మెకంజీ మనుషులు పల్లెపల్లె తిరిగి కైఫీయత్తులు వ్రాయించారు. కడప జిల్లా కైఫీయత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ కేంద్రం వారు సంపుటాలుగా అచ్చువేశారు. తీరిక ఉన్నవారు చదవండి, ఆ కరణాల తెలుగు వాసనే వేరు. ఆ కైఫీయత్తులు ఎక్కువగా గుడితో మొదలవుతాయి. ఏ రాజు కట్టించాడు, ఎవరు మాన్యమిచ్చారు, చెరువెవరు త్రవ్వించారు, పాళెగాళ్ళు ఎప్పుడు దోచారు. ఇండ్లలో ఉన్నవాళ్ళ సంగతి అక్కడా అరుదే.

జనాభా లెక్క గుడితో మొదలుకాదు. ఊరి వాయవ్య మూలన మొదలై ఆగ్నేయ మూలకు దిగాలని మాకు నేర్పారు. ఆ మూల దేవళం ఉన్నదా, దొడ్డి ఉన్నదా అనే విచారం లేదు. మొదటి ఇంటికి ఒకటో నంబరు. పిల్లవాడి చేత జాజు డబ్బా పట్టించుకొని, కుంచెతో ద్వారబంధం పక్కన అంకెలు వేస్తూ పోవడం. శాసనం కొరకు ఈ ఊరు వచ్చిన నేను, నాలుగేళ్ళు తిరగకముందే, ఆ ఊరి గోడలన్నింటి మీదా నా చేతివ్రాత చెక్కినంత పని చేశాను. గోడలు సున్నం కొట్టిన ప్రతిసారీ అది చెరిగిపోయేదనుకోండి.

ఆ పనిలో నాకు నచ్చిన మాట ఒకటుంది. కుటుంబం అనే మాటకు జనాభా లెక్కల వారిచ్చిన నిర్వచనం. మనకు కుటుంబమంటే రక్తసంబంధం, ఇంటిపేరు, గోత్రం. వారికి అవేవీ అక్కరలేదు. సాధారణంగా కలిసి ఉంటూ ఒకే వంటయింటి తిండి తినేవారు ఒక కుటుంబం. ఒకే కప్పు క్రింద రెండు వంటలయితే రెండు కుటుంబాలు. నలుగురు పరాయివాళ్ళు ఒక గదిలో ఉండి కలిసి వండుకుంటే అది ఒక కుటుంబం. శిక్షణనాడు ఈ మాట వినగానే నాకు సంతోషం కలిగింది. అంత పెద్ద ప్రభుత్వం చివరికి పల్లెటూరి అవ్వలాగే ఆలోచించింది గదా అని. మా సీమలో "వాళ్ళు వేరు పడినారు" అని ఎవరూ అనరు, "పొయ్యి వేరు పెట్టుకున్నారు" అంటారు.

పొయ్యి మాట వచ్చింది గనుక మిద్దెల సంగతి చెప్పాలి. మా ప్రాంతపు మట్టిమిద్దె చూడనివారికి అది గోడల మీద పెట్టిన మట్టిగుట్టలాగా ఉంటుంది. రాతిగోడలు, పైన దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటి మీద నాపబండలో కట్టెపేళ్ళో పరచి, ఆ పైన జానెడు మందాన చవుడు. చవుడంటే పంటకు పనికిరాని మన్ను. నీరు తగిలితే అణిగి, నెర్రెలు మూసుకొని, వానను లోపలికి దిగనివ్వదు. ఏటా తొలకరికి ముందు ప్రతి ఇంటివారూ మిద్దె మీదికి కొత్త చవుడు ఎత్తించేవారు. చవుడు త్రవ్వేవారు, తోలేవారు, తట్టలతో ఎత్తేవారు అని దానికొక కూలివ్యవస్థ ఉండేది. మిద్దె నడుమ గవాచ్చి. వెలుతురు రావడానికి, పొగ పోవడానికి అదే దారి. వానొస్తే దానిపై బండ కప్పడానికి ఒక పిల్లవాడు పరుగెత్తవలసిందే. మే నెల ఎండకు కడప జిల్లాలో బయట రాయి పేలుతున్నట్లుంటే లోపల చల్లగా ఉండేది.

ఈ మిద్దె బ్రతకాలంటే రెండు కావాలి. పైన ఏటా చవుడు, లోపల రోజూ పొగ. పొయ్యిలోంచి లేచే పొగ దూలాలకు నల్లగా పట్టి చెదను దగ్గరికి రానిచ్చేది కాదు. ఈ మాట నాకు పుస్తకాలలో దొరకలేదు, మా ఊరి వడ్రంగి చెప్పాడు. "అయివారూ, మిద్దె కూలేది వానకు కాదు, పొయ్యి ఆరినందుకు" అన్నాడు. గ్యాసు పొయ్యిలు వచ్చినాక ఆయన మాట నిజమైన ఇళ్ళు మా వీధిలోనే మూడు చూశాను. తాళం వేసిన ఇళ్ళయితే చెప్పనక్కరలేదు. రెండు వానాకాలాలు చవుడు పడకపోతే చెమ్మ దిగుతుంది, పొగ లేకపోతే చెద ఎక్కుతుంది, మూడో ఏడు ఏదో ఒక రాత్రి నడిమి దూలం వంగుతుంది.

ఇక 1991 సంగతి. ఇది చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను, ఇంతసేపూ చుట్టూ తిరిగాను.

ఆ ఫిబ్రవరిలో నాకిచ్చిన బ్లాకులో మేము అద్దెకున్న ఇల్లు కూడా ఉంది. ఇంటి యజమాని మంచి రైతు. ముందు భాగంలో వారుండేవారు, పక్క రెండు గదులలో మేము. ఆయన తమ్ముడు వెనుక వీధిలో వేరే ఉండేవాడు. వాళ్ళమ్మ, డెబ్బై దాటిన అవ్వ, పెద్దకొడుకు మిద్దెకు ఆనించి వేసిన సాయబానులో ఉండేది. ఒక నెల పెద్దకొడుకు, ఒక నెల చిన్నకొడుకు అన్నం పెట్టేట్లు ఏనాడో ఒప్పందం జరిగిందట. ఒప్పందం జరిగిన ఏడాదికో రెండేళ్ళకో, ఏ కోడలు ఏమన్నదో, అవ్వ సాయబాను మూలన మూడు రాళ్ళు పెట్టుకొని తన సంగటి తానే గెలుకుకోవడం మొదలుపెట్టింది. నేను చేరేనాటికి నాలుగేళ్ళుగా అదే వరస. కొడుకులిద్దరూ గింజలు పంపేవారు. లోకానికి మాత్రం "మా అమ్మ మా దగ్గరే తింటుంది".

నేను యజమాని కుటుంబం వివరాలు వ్రాసుకొని లేస్తుంటే అవ్వ పిలిచింది. "నాయనా, నన్ను రాసినావా?"

వ్రాశానవ్వా అన్నాను.

"యాడ రాసినావు?"

పెద్దకొడుకు కుటుంబంలో వ్రాశానన్నాను.

"నా పొయ్యి వేరే ఉండాది గదా నాయనా. నన్ను వేరే రాయి" అన్నది.

నాకు నిర్వచనం గుర్తుంది. ఆ ఉదయమే ఒక ఇంట్లో అన్నదమ్ములకు వివరించి చెప్పాను కూడా. అవ్వ అన్నది అక్షరాలా సరైన మాట. ఆమె ఏకవ్యక్తి కుటుంబం. కుటుంబ యజమాని అనే గడిలో ఆమె పేరు రావాలి. నేను కలం తీసేంతలో యజమాని నన్ను వాకిట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "అయివారూ, మా అమ్మ వేరే వండుకుంటాందని సర్కారు కాగితంలో రాస్తే మేము తల యాడ పెట్టుకోవాల? రేపు మీరూ ఈ ఊర్లో ఉండాల్సినవాళ్ళే గదా" అన్నాడు. బెదిరింపు కాదు. సిగ్గుతో అన్నాడు. ఆయన ముఖం చూసి నాకే కష్టం వేసింది. ఇంటి అద్దె మూడు నెలల బాకీ ఉన్నాను అప్పటికి. అది కారణం కాదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను.

కాగితం మార్చలేదు. అవ్వతో "ఎక్కడ వ్రాసినా తల ఒకటేనవ్వా, లెక్క తప్పదు" అన్నాను. అది కూడా నిజమే. ఊరి జనాభాలో ఒక్కరూ తగ్గలేదు. తగ్గినది ఒక కుటుంబం, ఒక పొయ్యి. అవ్వ ఇంకేమీ అనలేదు. మార్చి 1 సూర్యోదయం అప్పటి లెక్కకు హద్దు. ఆ తరువాత అయిదు రోజులు మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి, ఈలోగా పుట్టినవారిని, పోయినవారిని సరిచూసుకోవాలి. ఆ అయిదు రోజులలో ఆమె సాయబాను ముందు నుండి కనీసం పదిసార్లు నడిచాను. సరిదిద్దడానికి అవకాశం ఉంది, కాగితాలు ఇంకా నా సంచిలోనే ఉన్నాయి. దిద్దలేదు.

ఆమె దానిని పింఛను కొరకో, బియ్యం కార్డు కొరకో అడిగిందేమోనని కొందరు మిత్రులన్నారు. కావచ్చు. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం మేము వ్రాసే వివరాలు గోప్యం, వాటితో ఎవరికీ కార్డూ రాదు, పోదు. ఆ సంగతి ఆమెకు చెప్పాను కూడా, సంజాయిషీలాగా. "కార్డు కాదు నాయనా" అన్నది. ఏమిటో చెప్పలేదు. 1994లో పోయింది. చట్టం మాట తలచుకొనే ఇక్కడ ఎవరి పేరూ వ్రాయడం లేదు.

1998లో యజమాని పిల్లల చదువులకని ప్రొద్దుటూరు వెళ్ళిపోతూ ఆ ఇల్లు నాకే అమ్మాడు. సాయబానుతో సహా. మూలన మూడు రాళ్ళు అప్పటికీ ఉన్నాయి. నా శ్రీమతి వాటిని తీసివేయనివ్వలేదు. సంక్రాంతికి పొంగలి వాటి మీదే పెట్టేది.

2001 నాటికి ఊరి తీరు మారింది. మా ఊరి పక్కనే రాయలసీమ తాప విద్యుత్కేంద్రం వచ్చింది. 1994లో మొదటి యూనిట్టు. తరువాత ఒక్కొక్కటే పెరిగి, 2018లో ఆరువందల మెగావాట్ల యూనిట్టు చేరాక మొత్తం 1650 మెగావాట్లయింది. రేనాటి చోళుల కాలం నుండి జొన్న, కొర్ర చూసిన నేలకు రెండు గొట్టాల పొగ కొత్తగా కనబడింది. ఈ పొగ దూలాలకు పనికిరాదు లెండి. ఊళ్ళో అద్దె గదులు లేచాయి. ఆ ఏడు నా బ్లాకులో ఒక రేకుల గదిలో నలుగురు కాంట్రాక్టు కూలీలున్నారు. నాలుగు జిల్లాలు, నాలుగు ఇంటిపేర్లు, పొయ్యి ఒకటే. నిర్వచనం ప్రకారం ఒకే కుటుంబమని వ్రాసుకొని, కుటుంబ యజమాని ఎవరయ్యా అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకొని పగలబడి నవ్వారు. చివరికి ఆ రోజు వంట వంతు ఎవరిదో వాణ్ణి యజమానిగా చెప్పారు. అలాగే వ్రాశాను. ఆ నలుగురికీ నేను నిక్కచ్చిగా పాటించిన సూత్రం అవ్వ దగ్గర ఎందుకు పాటించలేదని ఆ రాత్రి నా శ్రీమతి అడిగింది. ఆమె ఇటువంటివి సందర్భం చూసే అడిగేది.

2010లో ఇళ్ళ జాబితా. ముప్పై అయిదు ప్రశ్నలు. కప్పు దేనితో వేశారు, గోడ దేనితో కట్టారు, నేల ఏమిటి, నీళ్ళు ఎక్కడి నుండి, మరుగుదొడ్డి ఉన్నదా, వంటకు కట్టెలా గ్యాసా, రేడియో, టీవీ, సైకిలు, బ్యాంకు ఖాతా. మిద్దె కప్పు దగ్గర మా గణకులకు ఎప్పుడూ తగవే. పైన మన్ను, క్రింద బండ, ఏది వ్రాయాలి? ఆ లెక్కలు అచ్చయ్యాక చూస్తే దేశంలో ఫోను ఉన్న కుటుంబాలు నూటికి అరవై మూడు, మరుగుదొడ్డి ఉన్నవి నలభై ఏడు. దానిపై అందరూ ముక్కున వేలు వేసుకున్నారు. నాకు మరొక అంకె గుచ్చుకుంది. దేశంలోని సుమారు 33 కోట్ల ఇళ్ళలో దాదాపు రెండున్నర కోట్లు ఖాళీ. ఆ రెండున్నర కోట్లలో మా వీధివి కొన్ని ఉన్నాయి, వాటి మీద పర్యవేక్షకుడిగా నా సంతకం ఉంది.

ఖాళీ ఇల్లు వేరు, తాళం వేసిన ఇల్లు వేరు. ఇది చాలామందికి తెలియదు. ఇంటివారు పెళ్ళికో తీర్థానికో వెళ్ళి తాళం వేస్తే అది కాపురమున్న ఇల్లే. ఎవరూ నివసించకపోతేనే ఖాళీ. తాళం చూస్తే తేడా తెలియదు, పక్కింటివారిని అడగాలి. తాళానికి పట్టిన తుప్పు చూసి చెప్పవచ్చు గదా అని ఒక కుర్ర ఉపాధ్యాయుడు శిక్షణలో అన్నాడు. తుప్పుకు గడి లేదు నాయనా అన్నాను.

లెక్క ఊరికే లెక్క కాదు. మైదాన ప్రాంతంలో అయిదు వేల జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రం, ముప్పై వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అని ప్రమాణం. 2019 అక్టోబరు 2న మన రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు రెండు వేల జనాభాకు ఒకటి చొప్పున ఏర్పరచారు. బడిలో పిల్లల సంఖ్యను బట్టి ఉపాధ్యాయులు. తలలు తగ్గితే ఊరికి వచ్చేవి కూడా తగ్గుతాయి. 2021లో జరగవలసిన లెక్క కరోనా వల్ల ఆగింది. ఆపై వాయిదాల మీద వాయిదాలు. అందువల్ల ఇన్నేళ్ళూ ఊళ్ళకు జరిగిన పంపకాలన్నీ 2011 నాటి తలలతోనే జరిగాయి. అప్పుడు ఉన్నవారిలో ఎందరో లేరు, అప్పుడు పుట్టనివారు హైస్కూలు చదువుతున్నారు.

ఇక్కడొక వింత చెప్పాలి. నేను వచ్చిన కొత్తలో ఊళ్ళో జనం ఉన్నారు, సౌకర్యాలు లేవు. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయిపోయాయి. ఒక ధృవపత్రం కావాలంటే ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఎవరికీ తెలియదు. నీళ్ళకు బిందెల వరుస, జబ్బుచేస్తే ఎర్రగుంట్లో ప్రొద్దుటూరో, తంతి వస్తే ఊరంతా గుండె పట్టుకునేది. ఇప్పుడు సచివాలయం ఉంది, ఇంటింటికీ కుళాయి పథకం ఉంది, ఫోనులోనే బ్యాంకు ఉంది, ఎర్రగుంట్ల నుండి నంద్యాలకు 2016 నుండి రైలు నడుస్తోంది. మా పాత వీధిలో కుళాయి ఉన్న ఇళ్ళు ఎక్కువ, దాని క్రింద బిందె పెట్టేవాళ్ళు తక్కువ. 2022లో 117వ నంబరు ఉత్తర్వుతో మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్ళకు తరలించినప్పుడు పల్లెల్లో జరిగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. 2025లో ఆ ఉత్తర్వును రద్దు చేశారు. ఈ మూడేళ్ళలో చిన్నపిల్లలున్నవారు కొందరు బడితోపాటు ఇల్లు కూడా మార్చుకున్నారు. ఉత్తర్వు వెనక్కి వచ్చింది గాని, వాళ్ళు రాలేదు.

నన్ను నేను ఎక్కడ లెక్క వేసుకోవాలి? నా శ్రీమతి 2023లో కాలం చేసింది. ఆ ఏడంతా ఒక్కడినే వండుకున్నాను. వంట రాదనుకున్నవాణ్ణి, రెండు కూరలు, ఒక పచ్చడి నేర్చుకున్నాను. ఆ రోజుల్లోనే అవ్వ మాట అర్థమయింది. మా అమ్మాయి రోజూ ఫోనులో "నాన్నా, ఏం తిన్నావు?" అంటే నేను వండినదేదో గర్వంగా చెప్పేవాణ్ణి. ఎవరింట్లోనో పెట్టినది తిన్నానని చెప్పడం కాదు, నేను వండుకున్నానని చెప్పడం. మరుసటి ఏడు మోకాలు దెబ్బతిని కడప వచ్చాను. మొదట నెలకొకమారు వెళ్ళి తలుపులు తీసి, ఊడ్పించి, పొయ్యి వెలిగించి పొగ పెట్టి వచ్చేవాణ్ణి. తరువాత రెండు నెలలకొకమారు. చవుడు ఎత్తేవారు దొరక్క పోయిన ఏడు టార్పాలిను కప్పించాను. మా అల్లుడు మంచివాడు, నాకిక్కడ ఏ లోటూ లేదు. మంచి గది, గాలి, పుస్తకాలు. వేళకు అన్నం. ఆరు నెలలు దాటి ఒకచోట ఉంటే అక్కడి నివాసి అని సూత్రం. ఏ నిర్వచనం ప్రకారం చూసినా నేను కడపలో, మా అల్లుడి కుటుంబంలో, "భార్య తండ్రి" అనే సంబంధంతో ఒక గీత. కలమళ్ళ ఇల్లు ఖాళీ.

ఈమారు ఇళ్ళ లెక్క 2026 ఏప్రిల్ మొదలు సెప్టెంబరు లోపల, తలల లెక్క 2027 ఫిబ్రవరిలో అని ప్రకటించారు. కాగితాలు లేవు, అంతా సెల్ ఫోనులోనే. కావాలంటే ఎవరి వివరాలు వారే నింపుకోవచ్చునట. ఆ మాట విన్నప్పుడు నా మనసులో ఒక దురాలోచన మెదిలింది. లెక్కవాళ్ళు వచ్చే వారం రోజులు అక్కడ ఉండి, పొయ్యి వెలిగించి, ఏకవ్యక్తి కుటుంబమని వ్రాయించుకుంటే? అడిగేవాడు నా దగ్గర చదువుకున్న కుర్రవాడే అయి ఉంటాడు. నేను ఏం చెబితే అది వ్రాస్తాడు. ఊరికి ఒక తల పెరుగుతుంది, ఇంటికి ఒక పొయ్యి వస్తుంది. పైగా అమ్మాయికి తెలియకుండా చేయవచ్చు.

ఈ ఆలోచనతోనే గురువారం ఉదయం బస్సెక్కాను. పక్కింటావిడ దగ్గర బీగంచెవి తీసుకొని తలుపు తీశాను. టార్పాలిను ఒక మూల లేచిపోయి, గవాచ్చి పక్కన నాలుగు వేళ్ళ మేర చెమ్మ దిగి ఉంది. నడిమి దూలం మీద చెద గీత ఒకటి కొత్తగా, మట్టిరంగులో, గోడ నుండి పైకి పాకి ఉంది. గోటితో గీరితే రాలింది. లోపల ఏమయిందో తెలియదు. ద్వారబంధం పక్కన సున్నం పెచ్చులూడిన చోట జాజు గీతలు బయటపడ్డాయి. ఒకదానిమీద ఒకటి అంకెలు. క్రింది పొరలోనిది నా చేతివ్రాతే, ఏడు అంకెకు నేను నడుమ అడ్డగీత పెడతాను.

సాయబానులో మూడు రాళ్ళ చుట్టూ ఎండుటాకులు చేరాయి. ఊడ్చి, నాలుగు పుల్లలు పెట్టి వెలిగించాను. టీ పెట్టుకుందామంటే పాలు లేవు. పక్కింటావిడ మనుమరాలు, ఆరో తరగతి, గోడ మీంచి చూసి చిన్న గ్లాసుతో పాలు తెచ్చిచ్చింది. "తాతా, ఇంగ ఈన్నే ఉంటావా?" అన్నది.

"పొగ పెట్టిపోదామని వచ్చినానమ్మా" అన్నాను. అన్న తరువాత తెలిసింది, అప్పటివరకు నాకు ఆ సంగతి తెలియదని.

మధ్యాహ్నం వడ్రంగి కొడుకును పిలిపించి దూలం చూపించాను. నిచ్చెన వేసుకొని సుత్తితో కొట్టి విని, ఒక మూర మేర గుల్లయిందన్నాడు. క్రింద ఒక ఇనుప కంబం నిలబెడితే రెండు వానలు కాస్తుందట. ఎంతవుతుందో అడిగి, సగం డబ్బు ఇచ్చాను. మిగతాది ఫోనులో పంపుతానన్నాను.

అయిదు గంటల బస్సుకు బయలుదేరుతూ బీగంచెవి పక్కింటావిడ చేతికిచ్చాను. "లెక్కవాళ్ళు వస్తే ఖాళీ ఇల్లని చెప్పమ్మా. తాళం వేసిపోయినారని కాదు, ఖాళీ అని" అన్నాను.

ఆవిడ నొచ్చుకుంది. "ఖాళీ ఏంది అయివారూ, సామాన్లన్నీ ఉండాయి గదా" అన్నది. సామాన్లకు గడి లేదని ఆవిడకు వివరించబోతే బస్సు హారను వినబడింది. వస్తూ వస్తూ సాయబాను వైపు చూశాను. రాళ్ళ మధ్య నిప్పు ఇంకా ఆరలేదు. నీళ్ళు చల్లకుండానే వచ్చాను.